సోమవారం చేపలు

బట్టలకు రంగులద్దే కార్ఖానా వెనక, శుద్ధయిన నీళ్లు చేరే తొట్టి దగ్గర యజమాని మేత పొట్లంతో నిలబడ్డాడు. పక్కనే పాత మేస్త్రీ.

"చేపలేవయ్యా?"

"మీరొచ్చేది సోమవారాలు కదండీ. ఇవాళ గురువారం."

"అయితే?"

"ఆదివారం కొనుక్కొచ్చి వదులుతాం. మంగళవారానికల్లా చచ్చి తేలతాయండీ."

"నీళ్లు శుద్ధిచేసే మిషను నడవట్లేదా?"

"ఆపి ఏడాదైంది. కరెంటు బిల్లు చూసి, చేపల కోసమా ఇంత ఖర్చు అని విసుక్కున్నారు కదండీ."

"ఆపమన్నానా?"

"అనలేదండీ. నడుస్తోందా అని అడగనూ లేదు."

"నువ్వైనా చెప్పొద్దూ?"

"సోమవారం వాటిని చూసి మీరు మురిసిపోతుంటే నోరు రాలేదండీ."

"రోజూ నేనే మేత వేసేవాణ్ణి, గుర్తుందా?"

"గుర్తులేకేమండీ. ఆ పదేళ్లూ ఒక్క చేపనీ కొనలేదు. పిల్లలు పెట్టి అవే పెరిగాయి."