జత నాణెం

మధ్యాహ్నం. పాత నాణేల దుకాణం. బల్లకు అటుపక్క భార్య పోయిన దుకాణదారు, ఇటుపక్క ఆయన మరదలు.

“శుభలేఖ అయితే బ్యాగులోనే ఉంచు. తియ్యకు.”

“ఎవరు తీశారు బావగారూ? పని మీద వచ్చినవాళ్ళని కూడా గుమ్మంలోనే కరుస్తారా?”

“మీ అన్న కూతురి పెళ్ళికి నేను రాను. నాలుగుసార్లు చెప్పాను.”

“మూడుసార్లు. దీన్ని కలిపితే నాలుగు.”

“మామూలు నాణెం తెచ్చి, డబుల్ డై అని నాకు అంటగట్టబోయాడు వాడు. పదకొండేళ్ళయింది, ఆ గడప తొక్కలేదు. ఇక తొక్కను.”

“పిల్ల అడుగుతోంది. అత్త ఎలాగూ లేదు, మామయ్య అయినా వస్తాడా అని.”

“అత్త లేదు కాబట్టే రాను. ఉంటే లాక్కొచ్చేది.”

“సరే, రావద్దు. ఆ గడపకీ కాస్త విశ్రాంతి కావాలి. ఇది చూసిపెట్టండి.”

“ఎవరిదిది?”

“తెలిసినవాళ్ళది. ఇదీ డబుల్ డై అంటున్నారు. అసలదేమిటో ఈసారైనా చెప్పండి. ఎప్పుడు చెప్పినా తలూపాను గానీ ఒక్క ముక్క బుర్రకెక్కలేదు.”

“ముప్ఫయ్యేళ్ళుగా ఊరికే తలూపావా?”

“మధ్యలో ఆపితే మీరు ఊరుకునేవాళ్ళా?”

“విను. నాణెం కొట్టే ఉక్కు అచ్చుని డై అంటాం. ఆ అచ్చు తయారు చేసేటప్పుడే అంకె రెండుసార్లు పడిందనుకో. దాంతో కొట్టిన ప్రతి నాణెం మీదా అంకె జంటగానే, గుండ్రటి అంచుతో వస్తుంది. అది డబుల్ డై. అరుదుగా దొరుకుతుంది.”

“మరి మీరు పారెయ్యమనే రెండో రకం?”

“అచ్చు బాగానే ఉంటుంది. మిషన్‌లో వదులై, కొట్టిన క్షణంలో కాస్త జరుగుతుంది. అంకె అంచుని అణిచేస్తుంది. చదునుగా, మెట్టులా కనిపిస్తుంది. అది మిషన్ డబ్లింగ్. దేనికీ పనికిరాదు.”

“అంటే ఒకటి పుట్టుకతో వచ్చింది, ఇంకోటి దెబ్బ తగిలి వచ్చింది.”

“ఆఁ. ఎక్కిందే!”

“చెప్పేవాళ్ళు అరవకుండా చెప్తే ఎందుకెక్కదు? చూడండి మరి.”

“చూశాను. మిషన్.”

“అప్పుడేనా? నేనింకా కుర్చీ కూడా లాక్కోలేదు.”

“ఏడు అంకె పక్కన మెట్టుంది. చదునుగా ఉంది. పట్టుకెళ్ళు.”

“నాణేన్ని తిప్పి చూడరా?”

“ఎందుకు తిప్పాలి?”

“దీపం ఎడమపక్కే ఉంది. ఒక్కవైపు నుంచే చూస్తే నా మొహం కూడా చదునే.”

“నీ మొహం ఎటునుంచి చూసినా అంతే.”

“నా మొహం తర్వాత చూద్దురు గానీ, నాణెం తిప్పండి.”

“తిప్పాను. ఏముంది ఇందులో... ఉండు.”

“ఉన్నాను.”

“మాట్లాడకు.”

“నేనేం మాట్లాడాను?”

“అది మెట్టు కాదు. నీడ పడింది. గుండ్రంగా ఉంది. ఏడు కొస రెండుగా చీలింది కూడా... అయినా ఒక్కదాన్ని చూసి చెప్పకూడదు. అదే అచ్చుది ఇంకోటి కావాలి. మిషన్ అయితే ఒక్కో నాణెం మీద ఒక్కోలా జరుగుతుంది. అచ్చులోనే ఉంటే రెంటికీ వెంట్రుకవాసి తేడా ఉండదు.”

“జత కావాలా? ఇదిగో.”

“ముందే ఇవ్వచ్చుగా!”

“మీరు ముందే అడగచ్చుగా!”

“ఇలా పక్కన పెట్టు. ఊఁ... అదే చీలిక. అదే వాలు. డబుల్ డై. ఇందులో రెండో మాట లేదు.”

“రాసివ్వండి.”

“ఇదిగో, సంతకంతో సహా. ఎవరో గానీ అదృష్టవంతులు. పేరు చెప్పు.”

“మా అన్నయ్య పేరు రాయండి.”

“ఏమన్నావ్?”

“మొదటి నాణెం వాడిదే. పదకొండేళ్ళ కిందట నలుగురి ముందు మీరు విసిరికొట్టింది.”

“అయితే ఇందాకటి నుంచీ నాటకమా ఇదంతా?”

“నాటకమే. సంతకం మాత్రం అసలుది.”

“ఆ రోజూ దీపం అక్కడే ఉంది.”

“ఉండే ఉంటుంది. మీరు ఏదీ కదపరుగా.”

“వాణ్ణి దొంగన్నాను.”

“అన్నారు. అక్క పోయినరోజు కూడా వాకిట్లోనే నిలబెట్టారు.”

“శుభలేఖ తియ్యి.”

“బ్యాగులోనే ఉంచమన్నారుగా!”

“తియ్యవే తల్లీ.”

“ఇదిగో. ముందు వరసలో కుర్చీ వేయిస్తాను. మీరు మూతి ముడిచినా అందరికీ కనపడాలి.”

“వస్తాను. వాడి ముందు తప్పు ఒప్పుకుంటాను. కానీ ఒక్కటి విను. తప్పు నా ఒక్కడిదే కాదు. మీ అక్క ఒక్క మాట అనుంటే అప్పుడే తిప్పి చూసేవాణ్ణి. అనలేదు. ఈ విషయంలో ఆవిడ ఎప్పుడూ నా పక్షమే.”

“రెండో నాణెం ఎక్కడిదని అడగలేదేం బావగారూ?”

“ఎక్కడిది?”

“ఇంటికొచ్చిన చిల్లరంతా వెతగ్గా వెతగ్గా, నాలుగేళ్ళకి దొరికిందట. దాని పాత కవరు ఇదిగో. చదవండి.”

“‘మిషన్. పారెయ్.’ ఇది... ఇది నా రాతే.”

“తెచ్చినవాళ్ళ పేరు కూడా రాశారు. పైన చూడండి.”

“‘మా ఆవిడ.’”