చీటీలో రాయాల్సిన మాట

పసుపు చేనులో కళ్లు తిరిగి పడిపోయిన చెల్లెలిని, కంఠేశ్వర్‌లోని ఒక ఆసుపత్రి వరండాలో అక్క నిలదీస్తోంది.

“షుగర్ గోలి ఎప్పుడేసుకున్నవ్?”

“పొద్దుగాల ఆరింటికి.”

“అన్నం?”

“అందరు తిన్నంక, మిగిలిన సల్లన్నం. పదకొండైంది.”

“గోలి ఏసుకోంగనే తినాలని డాక్టర్ చెప్పలేదానే?”

“చెప్పిండు. మొగోళ్లు తినకముందే నేనెట్ల తింటనక్కా? అత్త ఏమంటది?”

“చేన్ల పడ్డప్పుడు మీ అత్త పట్టుకున్నదా? వండేది నువ్వు, రోగం నీది. ముందుగాల తినే హక్కు నీకు లేదా?”

“నేను చెప్తే ఎవరింటరు? ‘ముందుగాల తినాలె’ అని డాక్టర్‌నే చీటీల రాయమను.”

“ఆకలికి గూడ చీటీ కావాల్నా నీకు?”

“కావాలక్కా. ‘ఉడుకుడుకన్నం’ అని గూడ రాయమను.”