అత్తయ్య పడవ లారీ ఎక్కిన సంగతి

ఏంటీ, స్కూటరు అమ్మేశావా? ఫోన్లోనా? కొన్నవాడి మొహం నువ్వు చూళ్లేదు, నీ బండి మొహం వాడు చూళ్లేదు, ఫోటో చూసి ఊఁ అన్నాడు, నువ్వు తీసుకెళ్లి పార్సిల్ ఆఫీసులో పడేసి చేతులు దులుపుకుని వచ్చావు. బాగుందే అమ్మడూ. తప్పని కాదు, కాలం అలా ఉంది. మా అత్తయ్య కూడా ఒకసారి ఇలాగే దూరాన ఉన్నవాడికి పడవ అమ్మింది. చేపల పడవ, నిజం పడవే, ఇరవై ఆరడుగులది. అప్పుడు పార్సిల్ ఆఫీసు లేదు. నేనే పార్సిల్ ఆఫీసు. కూర్చో చెబుతాను. ఆ కుర్చీ వద్దు, దానికి కాలు లూజు, ఇటు కూర్చో.

అత్తయ్యంటే మా మేనమామ భార్య. నువ్వు చూళ్లేదులే, మీ నాన్న కూడా చిన్నప్పుడు ఒకసారి చూశాడేమో. సన్నగా, చేతులు మాత్రం మగాడి చేతుల్లా ఉండేవి. మాట తక్కువ. మావయ్యకి అన్నీ ఎక్కువే, మాట ఎక్కువ, నవ్వు ఎక్కువ, కోపం ఎక్కువ. చివరికి జ్వరం కూడా ఎక్కువే వచ్చి పోయాడు. ఇద్దరు కొడుకులు. పెద్దవాడు కరెంటాఫీసులో, చిన్నవాడు బట్టలు కుట్టేవాడు. ఇద్దరూ సముద్రం పేరు చెబితే ఆమడ దూరం పారిపోయేవాళ్లు. పడవ ఒడ్డున బోర్లా పడుంది. రెండు నెలలు చూసి అత్తయ్య ఒకరోజు, "అమ్మేద్దాం" అంది. పెద్దవాడు "ఎవరు కొంటారమ్మా పాత పడవ" అన్నాడు. ఆవిడ అప్పటికే బేరం మొదలెట్టేసింది.

కొన్నది ఒక చేపల కాంట్రాక్టరు. సముద్రం దగ్గర కాదు, ఎక్కడో పైన, నాలుగు రోజుల దూరం, పెద్ద ఆనకట్ట. ఆనకట్ట వెనక నీళ్లు బోలెడు, చేపలు బోలెడు, పడవ కట్టడం వచ్చినవాడు మాత్రం ఒక్కడూ లేడట. ఐసు కోసం మా వైపు వచ్చి ఈ పడవ చూశాడు. చుట్టూ తిరిగాడు, తట్టాడు, వంగుని కింద చూశాడు. లావుపాటి మనిషి, వంగితే లేవడానికి టైము పట్టేది. లేచి, "మా నీళ్ల మీద తేలితే నాది. తేలే దాకా మీది. దింపడం కూడా మీదే" అన్నాడు. కొడుకులిద్దరూ మొహాలు చూసుకున్నారు. అత్తయ్య ఒక్కటే అడిగింది, "ఏ రోడ్డున రావాలి?"

నేనప్పుడు ఇటుకల బట్టీ ఆయన లారీ తోలేవాణ్ని. ముప్పై ఏళ్లుంటాయి. లారీ ఆయనది, తిట్లు నావి. ఆయన్ని బతిమాలి ఒక వారం బండి తీసుకున్నాను. పడవ ఎక్కించడానికి పాతిక మంది పట్టారు. ముక్కేమో నా క్యాబిన్ నెత్తి మీదకొచ్చింది, తోకేమో వెనక ఆరడుగులు బయటికి పోయింది, తోకకి ఎర్ర గుడ్డ కట్టాం. కింద పాత టైర్లు, పక్కన గడ్డి మోపులు, పైన తాళ్లు. అంతా అయింది, ఇంక బయల్దేరదాం అనుకుంటుంటే అత్తయ్య ఒక బకెట్టు, ఒక కట్ట గోనె సంచులు, ఒక చేతిసంచీ పట్టుకుని నిచ్చెనెక్కి పడవలో కూర్చుంది. "అత్తయ్యా, ముందు సీటు ఖాళీగా ఉంది" అన్నాను. "చెక్క ఎండిపోతే పలకలు విడిపోతాయి. దారంతా తడుపుతూ ఉండాలి. నువ్వు రోడ్డు చూసుకో" అంది. అదన్నమాట. నాలుగు రోజులు నేను రోడ్డు చూశాను, ఆవిడ పలకలు చూసింది.

మొదటి రోజు బాగానే గడిచింది. దారి పొడుగునా కాలవలు, ఎక్కడ ఆపితే అక్కడ నీళ్లు. రెండో రోజు చెక్‌పోస్టులో ఆపారు. గుమాస్తా సన్నటివాడు, చెవిలో పెన్ను. బండి చుట్టూ రెండుసార్లు తిరిగి, "ఇది వాహనమా, సరుకా?" అన్నాడు. సరుకేనండీ అన్నాను. "సరుకులో మనిషి ఉందే! సరుకు బండిలో మనుషుల్ని ఎక్కించకూడదు, తెలీదా?" నేను గొంతు సవరించుకునేలోపు పైనుంచి అత్తయ్య, "నేను లారీలో లేను బాబూ, పడవలో ఉన్నాను" అంది. వెటకారం కాదమ్మడూ, ఆవిడకి వెటకారం రాదు. ఉన్న మాట చెప్పింది. వాడు లోపలికెళ్లి పుస్తకం తీశాడు, పేజీలు తిప్పాడు, ఇంకో ముసలాయన్ని పిలిచాడు, ఇద్దరూ కలిసి తిప్పారు. పడవలో కూర్చున్న మనిషి గురించి అందులో ఎక్కడా లేదు. "పోండి పోండి" అన్నాడు చివరికి, మేమేదో వాళ్ల పుస్తకం పాడుచేసినట్టు.

మూడో రోజే అసలు కథ. ఎండ అంటే ఎండ కాదు. కాలవలు ఆగిపోయాయి, తర్వాత చెట్లు కూడా ఆగిపోయాయి. మధ్యాహ్నానికి గోనెలు అట్టల్లా బిగుసుకుపోయాయి. ఒక ఊరి పక్కన చేతిపంపు కనబడితే ఆపాను. అక్కడ బిందెలు, నలభై బిందెలుంటాయి, వరసగా. పంపు కొడుతుంటే సన్నటి ధార, దగ్గు వచ్చినట్టు వచ్చి ఆగిపోతోంది. అత్తయ్య బకెట్టు పట్టుకుని దిగేసరికి ఒక పెద్దావిడ నడుం మీద చేతులేసుకుని, "మాకు తాగడానికి చుక్క లేక చస్తుంటే నీ పడవకి స్నానమా తల్లీ?" అంది. అందరూ నవ్వారు. అత్తయ్య నవ్వలేదు, కోప్పడలేదు. వెళ్లి నలభయ్యో బిందె వెనక తన బకెట్టు పెట్టి కింద కూర్చుంది. మూడు గంటలు! నేను లారీ చుట్టూ కాలుగాలిన పిల్లిలా తిరిగాను. వంతు వచ్చింది, ఒక్క బకెట్టు పట్టుకుంది. పోస్తుందేమో అనుకున్నాను. పోయలేదు. ఒక గుడ్డ ముంచి, పలకకీ పలకకీ మధ్యనున్న సందు వెంబడి అద్దుకుంటూ పోయింది, పసిపిల్లకి జ్వరమొస్తే అద్దుతారు చూడు, అలా. ఆ పెద్దావిడ బండెక్కి మరీ చూసింది. "ఇంత ఓపికేంటమ్మా నీకు?" "ఎండితే కారుతుంది." ఆ పెద్దావిడ కిందికి దిగి తన బిందె పైకందించి, "సగం పోసుకో. ఇంటికి తీసుకెళ్తే మా ఆయన కాళ్లు కడుక్కుంటాడు. ఆయన కాళ్లకంటే నీ పడవే నయం" అంది.

ఆ సాయంత్రం టీ తాగుతూ అడిగాను. "మావయ్యతో ఎన్నిసార్లు వెళ్లుంటావత్తయ్యా ఇందులో?" అని. "ఎప్పుడూ ఎక్కలేదు" అంది. నేను గ్లాసు కింద పెట్టేశాను. ఇరవై రెండేళ్ల పడవ అది! ఎందుకని? "ఆయన పిలవలేదు. నేనడగలేదు." అంతే, టీ ఊదుకుంటోంది. మరి ఇవన్నీ ఎలా తెలుసు, ఏ పలక ఎండుతుంది, ఎక్కడ అద్దాలి, అంటే అప్పుడు చెప్పింది. వాళ్ల నాన్న పడవల వడ్రంగి. ఏటా పడవని బోర్లించి సందుల్లో దూదీ నారా కూరి పైన తారు పూసే పనంతా ఈవిడదే. మావయ్య వలలు బాగుచేసుకుంటూ పక్కన కూర్చునేవాడట. ఊళ్లో మేమందరం ఏమనుకునేవాళ్లం? మావయ్య పడవ చుక్క నీరు రానివ్వదు, ఎంత పనివాడో అని. ఆయన అవునని అనలేదు, కాదనీ అనలేదు. అన్నీ ఎక్కువే అన్నానే, ఈ ఒక్క విషయంలో ఆయనకి మాట తక్కువ. "నాకిది కిందనుంచే తెలుసు. పైనుంచి చూడ్డం ఇదే" అంది అత్తయ్య.

నాలుగో రోజు పొద్దున్నే ఆనకట్ట చేరాం. పడవ దించారు, నీళ్లలోకి తోశారు. తేలింది. నేను చప్పట్లు కొట్టబోయాను. చేతులు కలిసేలోపే అడుగున నీళ్లు మొదలయ్యాయి. ఒక చోట కాదు, పలకల సందుల వెంబడి, సన్నగా, అన్ని వైపులనుంచీ. కాంట్రాక్టరు మొహం ఎర్రగా అయిపోయింది. "ఇది పడవా, జల్లెడా? ఎక్కించెయ్యండి, ఎక్కించెయ్యండి లారీ!" అని అరుస్తున్నాడు. అత్తయ్య చీర బిగించి, "చెక్క ఎండలో నాలుగు రోజులు తిరిగొచ్చింది. నీళ్లు తాగి ఉబ్బాలి. పొద్దుగూకే దాకా ఆగండి" అంది. "మునిగిపోతే?" "మునిగితే నాది." అని ఒక డబ్బా తీసుకుని అందులోకి ఎక్కి కూర్చుని తోడ్డం మొదలుపెట్టింది. నేనూ వస్తానంటే "నువ్వు బరువు" అంది.

పొద్దున్నుంచి సాయంత్రం దాకా తోడింది అమ్మడూ. మొదట ఊపిరాడనివ్వకుండా, డబ్బా మీద డబ్బా. జనం పోగయ్యారు. అక్కడి జాలర్లు తమ వలలు మానేసి గట్టున కూర్చున్నారు, ఒకడు పల్లీలు కూడా తెచ్చుకున్నాడు. మధ్యాహ్నానికి రెండు డబ్బాల మధ్య ఆవిడ చెమట తుడుచుకునేంత తీరిక దొరికింది. ఇంకాసేపటికి ఒక ముద్ద తినేంత. నాలుగింటికి డబ్బా పక్కన పెట్టి, అడుగున అరచేయి ఆనించి, గుడ్డి మనిషి మొహం తడిమి చూసినట్టు చూసుకుంటూ పోయింది. ఒక్క చోట ఇంకా ఊరుతోంది. చేతిసంచీలోంచి దూది పీకి బొటనవేలితో కూరింది. అంతే. కాంట్రాక్టరు చెప్పులు విప్పి ఎక్కాడు. నిలబడ్డాడు. చాలాసేపు తన పాదాలకేసే చూసుకున్నాడు. తడి లేదు. "నాది" అన్నాడు. "మీదే" అని అత్తయ్య దిగి వచ్చి, నడుం రెండు చేతులతో పట్టుకుని, గట్టున అలాగే పడుకుండిపోయింది. ఏడ్చిందా? ఏమో, మొహానికి కొంగు కప్పుకుంది. ఎండకే అయ్యుండచ్చు.

తిరుగుదారిలో ముందు సీట్లో కూర్చుంది. రెండొందల కిలోమీటర్లు మాట్లాడలేదు. పడవ పోయిందని బెంగేమో అని నేనూ కదపలేదు. ఉన్నట్టుండి, "వాళ్ల పడవలు చూశావా?" అంది. లేదత్తయ్యా. "ఏడున్నాయి. ఏడూ కారుతున్నాయి." మళ్లీ రెండొందల కిలోమీటర్లు.

ఇంటికొచ్చాక నాచేత ఒక కార్డు రాయించింది. మూడు ముక్కలు. మీ ఏడు పడవలూ కారుతున్నాయి. నేను వస్తాను. గది కావాలి. క్షేమం అని రాయనా అంటే వద్దంది. అటునుంచి జవాబు కూడా పొదుపే, "రండి" అని. కొడుకులు గోల గోల. చిన్నవాడు "ఊరు నవ్వుతుందమ్మా" అని, పెద్దవాడు "ఈ వయసులో నీకీ పనేంటి" అని. "ఏ వయసు? యాభై రెండు" అంది ఆవిడ. నిజమే, మాకెవరికీ ఆవిడ వయసు తెలీదు. సుత్తి, దూది కూరే మొద్దు ఉలి, నాలుగు చీరలు సర్దుకుంది. నేనే బస్సెక్కించాను. లారీలో దింపుతానంటే, "ఇప్పుడు తడపాల్సిందేమీ లేదుగా" అంది.

పద్నాలుగేళ్లు ఉందక్కడ. ఒకసారి వెళ్లాను. ఏడు పడవలు ఇరవై అయ్యాయి. మనిషి నల్లబడింది, మోచేతుల దాకా తారు. తారు పెద్దమ్మ అంటే ఆ గట్టు మీద తెలియనివాడు లేడు. ఒక్కో పడవనీ సుత్తితో తట్టి, చెవి ఆనించి, ఇది పదిరోజుల్లో కారుతుంది, ఇది ఏడాది ఆగుతుంది అని చెబుతోంది. వాళ్లు నోరెత్తకుండా వింటున్నారు. నా చేతికో ఉలి ఇచ్చి ఒక సందు కూరమంది. కూరాను. మొత్తం పీకించింది, మళ్లీ కూరమంది. "ఇంటికి రావా అత్తయ్యా?" అనడిగాను. "ముందు ఆ మూల సరిగా కొట్టు" అంది.

రెండు రోజుల జ్వరంతో పోయింది. ఫోనొస్తే కొడుకులిద్దరూ నేనూ వెళ్లాం. చేయాల్సినవన్నీ చేశాం. మర్నాడు గట్టు మీదకెళ్తే రెండు దుంగల మీద ఎవరిదో చిన్న పడవ బోర్లా ఉంది. ఎడమ వైపు పని అయిపోయింది, కుడివైపు మొదలుపెట్టలేదు. దూది చివర బయటికి వేలాడుతోంది. పక్కన సుత్తి. కాంట్రాక్టరు ముసలాడైపోయాడు, కర్ర పట్టుకుని వచ్చి, "ఈ పడవవాడు వారం రోజులనుంచి పనిలేకుండా కూర్చున్నాడు. మీలో ఎవరికైనా వచ్చా?" అన్నాడు. కొడుకులిద్దరూ నేల చూశారు. నేను సుత్తి తీసుకున్నాను.

ఎలా చేశానంటావా? ఒకటిన్నర రోజు పట్టింది. వేళ్లు పగిలాయి. ఆవిడ కూరిన చోటు రాయిలా ఉంది, వేలు పెట్టి నొక్కితే కదల్లేదు. నాది మెత్తగా ఉంది, నాకే తెలుస్తోంది. తారు పూసి నీళ్లలోకి తోశాం. ఎడమవైపు చుక్క లేదు. కుడివైపు మొదలైంది. పడవవాడు తిట్టినా బాగుండేది. డబ్బా తీసుకుని తోడుకుంటూ వెళ్లాడు. నేను గట్టున కూర్చున్నాను, పొద్దుగూకే దాకా. చెక్క ఉబ్బితే ఆగుతుంది కదా అని.

...

ఆ కిటికీ వెయ్యమ్మా, వాన జల్లు లోపలికి కొడుతోంది.