వేలంలో ఆఖరి ఐదు నిమిషాలు

ఇది మరీ అన్యాయం బాబాయ్! మొన్న మొన్నటిదాకా ఇవే పాత కంప్యూటర్లని కాటాలో పడేసి కిలోల లెక్కన ఇచ్చావా లేదా? ఇప్పుడేమో తుడిచి, గుడ్డ కప్పి, కొత్త పెళ్లికూతుర్లా పైఅరలో కూర్చోబెట్టావు.

ఆ ఫోను అవతల పెట్టు, చూశాన్లే. పోయిన నెల ఆన్‌లైన్ వేలంలో ఇదే మోడలు ఎంతకి పోయిందో నీకంటే ముందే నాకు తెలుసు. ఆ ఒక్క పాట చూసుకుని పాతసామాను కొట్లన్నీ కొండెక్కి కూర్చున్నాయి. విరిగిన కీబోర్డు అడిగినా "ఆన్‌లైన్‌లో ఎంతుందో చూసుకో" అంటున్నారు.

నాకు కంప్యూటరంతా అక్కర్లేదయ్యా. లోపల వేలిగోరంత చిప్పుంటుంది, ఇంకెక్కడా దొరకట్లేదు. అదొక్కటీ పీక్కుని మిగతాది నీకే ఇచ్చేస్తాను. ఏం? చిప్పు పోతే మిగతాది చెత్తేనా? అదీ నిజమేలే.

ఎవరి కోసమా? మా అక్క కోసం. నీ ఫోన్లో చూపించావే, ఆ కంప్యూటర్ని పాడుకున్నది మా అక్కే. రిటైరయ్యాక చేతికొచ్చిన డబ్బులోంచి తీసి కట్టింది. తీరా ఇంటికొచ్చాక స్విచ్చి వేస్తే ఉలుకూ లేదు, పలుకూ లేదు. అట్టపెట్టెతో సహా నా రిపేరు షాపుకి మోసుకొచ్చింది. మెట్ల మీద రెండుసార్లు ఆగింది పాపం, మోకాళ్లు కదా.

"నీ కోసమేరా తమ్ముడూ" అంది. "చిన్నప్పుడు నువ్వు నేర్చుకున్నది ఇలాంటి దాని మీదేగా. ఎవడో దరిద్రుడు ఆఖరి ఐదు నిమిషాల్లో పోటీకొచ్చి పెంచుకుంటూ పోయాడు. వదిలేద్దామనుకున్నా. నీ మొహం గుర్తొచ్చి వదల్లేకపోయా" అంది. అది వెలగడం చూడ్డానికి ఆదివారం మళ్లీ వస్తుంది.

నవ్వకు బాబాయ్. గోరుచుట్టు మీద రోకటిపోటులా నీ నవ్వొకటి.

ఆ దరిద్రుణ్ణి నేనే.

ఆ ఆన్‌లైన్ వేలంలో సొంత పేర్లుండవు కదా, ఎవరికి తోచిన పేరు వాళ్లు పెట్టుకుంటారు. షాపులో భోంచేస్తూ, ఎడం చేత్తో ఫోను నొక్కుతూ కూర్చున్నాను. నేను పెంచితే అవతల వాళ్లూ పెంచుతున్నారు. పంతం వచ్చేసింది. పోనీ దాని మీద మమకారమా అంటే, అదీ కాదు. బాగుచేసి రెండింతలకి అమ్మేద్దామని! నేను అమ్ముకోడానికి పెంచాను, తను నాకివ్వడానికి పెంచింది.

అక్కకి చెప్పలేదు. ఏ మొహం పెట్టుకుని చెప్పను?

సరేలే, దించు. నీ ధరే ఖాయం. ఆ ధర పెంచినవాణ్ణి నేనే అయితే ఇంక బేరమాడే నోరెక్కడిది? మెల్లిగా దించు బాబాయ్. అక్క ఎప్పుడైనా ఇటొస్తే మాత్రం, కిలోల లెక్కనే ఇచ్చానని చెప్పు.