బాలమ్మకు కొన్న దుర్బిన్

"తాతా, నేనొక దుర్బిన్ కొందామనుకుంటున్న. చుక్కలు చూసేది. నువ్వు కొన్నవు గదా, ఏం చూసి కొనాలెనో చెప్పు."

కొనుక్కో. నేనొద్దంటే ఆగేదానివా? మీ తాత, మా అన్న, గట్లనే ఉండె. అడుగుడు అడుగుతడు, చేసేది చేస్తడు. ఫోన్ల నా మాటలు పట్టుకుంటున్నవా? పట్టుకో. కని జర మెల్లగ మాట్లాడుదం, లోపల మీ చిన్నవ్వ బాలమ్మ పండుకున్నది. పండుకున్నదో, ఊకె కండ్లు మూసుకున్నదో. ఇప్పుడామెకు రెండూ ఒక్కటే.

కొనేటప్పుడు ఏందంటే, డబ్బా మీద గిన్ని వందల రెట్లు పెద్దగ కనవడ్తదని రాసి ఉంటది. దాన్ని నమ్మకు. రెట్లు ఎవడన్న రాస్తడు. లోపల అద్దం ఎంత ఎడల్పున్నదో అది అడుగు. అద్దం పెద్దగుంటే వెలుతురు మస్తు పడ్తది. ఇగ రెండోది స్టాండు. మూడు సన్న కాళ్లది అంటగట్ట చూస్తరు. గాలి జర వీస్తే చాలు, అప్పుడే పుట్టిన మేకపిల్ల లెక్క వణుకుతది. అది వణికితే చందమామ గూడ వణుకుతడు, నీకు తలకాయ నొస్తది. నేను తెచ్చింది చెక్క పెట్టె మీద కూసునే గొట్టం. ఫిరంగి లెక్కుంటది, చేత్తోనే తిప్పుకోవాలె. మా అల్లుడు, కరణ్‌కోట సిమెంటు ఫ్యాక్టరీల చేస్తడు గదా, గాయన చూసి "మామా, గీ పైసలకు పాడిబర్రె వచ్చేది" అన్నడు. నాకు కోపమొచ్చింది. ఇప్పుడనుకుంట, బర్రె వస్తే పాలన్న తాగుదుము.

నాకెందుకు గీ బుద్ధి పుట్టిందంటవా? పుట్టింది మీ చిన్నవ్వతోని. లే, లే, పుట్టింది ఆమె కండ్లతోని.

మనం గొర్లోళ్లం. నేను పదిహేనేండ్ల దాంక గొర్ల ఎంబడే తిరిగిన. మల్ల వానలు లేక మంద అమ్ముకున్నంక తాండూరుకొచ్చి బండల పాలిష్ పనిల చేరిన. అప్పుడు దినానికి ఆరు రూపాలు. ఆరా, ఏడా... ఆరే. ఆరు రూపాలకు నూనె, ఉప్పు, కందిపప్పు ఇంటికొస్తుండె, మల్ల ఒక చాయ గూడ తాగుతుంటిమి. ఇప్పుడు నువ్వు తాగే చాయెంతనో నీకే తెల్వాలె. నలభై ఏండ్లు గా మిషన్ మీదనే ఉన్న. బండ మీద తడి చెయ్యి పెట్టి ఒక్కసారి రాస్తే చాలు, యాడ గరుకున్నదో చెప్తుంటి. కండ్లు మూసుకొని చెప్తుంటి. సేట్లు గూడ నన్నే పిలిచేటోళ్లు, "యాదయ్యా, జర చెయ్యి పెట్టి చూడు" అనుకుంట.

బాలమ్మది కన్నడ దిక్కు. గిప్పటికీ మాటంత తెలుగే గని లెక్క పెడితే మాత్రం ఒందు, ఎరడు అనే పెడ్తది. కోడిగుడ్లయినా, బట్టలైనా. చిన్నప్పుడు వాళ్ల నాయనతోని మంద కాడ పండుకునేదట. పిల్లలకోడి ఎరుకేనా నీకు? కార్తీకంల తూర్పుకు పొడుస్తది, చిన్న చిన్న చుక్కల గుంపు, పంతుళ్లు కృత్తికలంటరు. మేమంత ఆరే ఎంచుతుంటిమి. ఆమె ఏడు ఎంచేది. పెండ్లైన కొత్తల వాకిట్ల నిలవెట్టి, నా గదువ పట్టి పైకెత్తి, "అగో గాడ, ఏడోది, నీకేం కండ్లయ్యా" అనేది. నాకెప్పుడు కనవడలే. కనవడ్డదని చెప్పిన, ఇడిచిపెడ్తదని.

ఇగ ఆమెకు కండ్లు పోవట్టె. ముందుగాల గడపలు తాకుతుండె, పక్కకెల్లి వచ్చే ఆటోలు కనవడకపోతుండె. మేము షుగరనుకున్నం. పట్నంల కండ్ల దవఖానకు తీస్కపోతే డాక్టరమ్మ ఏమన్నదంటే, కంటి లోపల నీటి ఒత్తిడి పెరిగింది, చుట్టూత చూపు పోయింది, నడుమల జరంత మిగిలింది. పోయింది రాదు, ఉన్నది కాపాడుకోవాలంటే పొద్దుగాల ఒకసారి, మాపటేల ఒకసారి కంట్లె మందు పొయ్యాలె, ఒక్క పూట తప్పొద్దు. ఆమె చేతులు వణుకుతయని మందు పోసే పని నేను పెట్టుకున్న. మర్చిపోకుండ చేస్తనని డాక్టరమ్మ ముందట నేనే చెప్పిన.

వచ్చేటప్పుడు బస్సుల అడిగిన, నీకేమన్న చూడాలని ఉన్నదా అని. తీర్థం పోతనంటదేమో అనుకున్న. "ఒక్కసారి పిల్లలకోడిని సక్కగ ఎంచాలని ఉన్నది, ఇప్పుడంత మసక మసకుంటున్నది" అన్నది. గంతే. ఇగ మల్ల ఆ మాటెత్తలే.

నాకప్పుడు వికారాబాద్ యాదికొచ్చింది. గంతకు ముందు అనంతగిరి దిక్కు ఒక సారు ఫారంహౌజుల బండలు పరవనీకె పోయినం. గా సారు కాడ దుర్బిన్ ఉండె. పనైపోయిన దినం సందకాడ మా పనోళ్లందరికీ చందమామను చూపిచ్చిండు. మంచోడే. కని నేను వంగి చూస్తుంటే "చేతులు యెనకకు కట్టుకో, యాడ ముట్టకు" అన్నడు. కట్టుకున్న. దొంగను నిలవెట్టినట్టు నిలవడి చూసిన. చందమామ మంచిగనే కనవడ్డడు గని, నా మనసు మాత్రం కింద బండల మీదికే పోయింది. ఆయన కాళ్ల కింద బండలన్నీ నా చేతులు ముట్టినయే గదా. వాటికి లేని మైల గా గొట్టానికొచ్చిందా అనుకున్న. ఎందుకు ముట్టొద్దని ఆయన చెప్పలే. నేనడగలే. ఇద్దరికీ నామోషి.

నా దుర్బిన్ ఇంటికొచ్చిన దినం రెండు చేతులతోని దాన్ని నిండ తడిమిన. మనది గదా.

పెట్టుడు గూడ తెల్వాలె బిడ్డా. మాది బండల పని గదా, బండ కన్న గట్టిది ఏమున్నదని మిద్దె మీద నాపబండల మీద పెట్టిన. చూస్తే చందమామ అంచులు నీళ్లల్ల కదిలినట్టు కదులుతున్నయ్. పగలంత ఎండ తాగిన బండ చల్లగ ఊకుంటదా, సెగ కక్కుతనే ఉంటది. నాకది తట్టలే. బాలమ్మనే అన్నది, "కింద మట్టి మీద పెట్టరాదు, మేకలు కట్టేసిన కాడ" అని. అక్కడ పెడితే సల్లగ నిలవడ్డది. నువ్వు గూడ గంటసేపు ముందుగాలనే బయట పెట్టు, గొట్టం గూడ సల్లవడాలె. పక్కకు చిన్న గొట్టం ఒకటుంటది, దారి చూపేది. దాన్ని పొద్దుండంగనే సరి చేసుకోవాలె. నేను కరణ్‌కోట ఫ్యాక్టరీ పొగగొట్టం కొన మీద పెట్టి సరి చేసేటోన్ని. ఎండాకాలం తెచ్చిన నేను, అప్పటికి పిల్లలకోడి మునిగిపోయింది. అందుకని చందమామనే చూపిచ్చిన. మిగిలిన గా నడిమి చూపుకు, గా చిన్న కంతకు మంచిగ కుదిరింది. మస్తు సేపు చూసి, "సున్నం పెచ్చులూడిన గోడ లెక్కున్నడు" అని నవ్వింది. గట్ల నవ్వంగ చూసి ఎన్ని దినాలైందో. ఇగ కార్తీకం దాంక ఆగు, నీ కోడి వస్తది అన్న. ఆగుత అన్నది.

వానలల్ల సంచి కప్పి లోపల పెట్టిన. దసరా దాటినంక తీసి చూస్తే లోపల అద్దం మీద తెల్లగ పొడి. గీ ఊర్ల అన్నం మీద గూడ బండ పొడే గదా పడేది, అద్దాన్ని ఇడిచిపెడ్తదా? నాకేమనిపిచ్చిందంటే... ఇగో, గీడనే నా బతుకుల మన్ను పడ్డది. నలభై ఏండ్లు మెరుపు తెచ్చిన చేతులివి, అద్దానికి తేలేనా అనుకున్న. ఎవర్నీ అడగలే. అద్దం ఊడదీసి, తడి చేసి, బండకు చివరాఖరికి వేసే తెల్ల పౌడరు వేసి, మెత్తటి బట్టతోని గుండ్రంగ రుద్దిన. పొద్దంత రుద్దిన. బాలమ్మ పక్కకు కూసొని చెమ్ముల నీళ్లు పోస్తనే ఉన్నది.

ఆ అద్దానికి మెరుపు లోపల లేదు బిడ్డా. మీద పూసి ఉంటది, ఉల్లిపొర కన్న సన్నగ. నేను రుద్దింది దాన్నే. మెరుస్తది మెరుస్తది అనుకుంట మొత్తం లేపిన. మాపటేల ఎత్తి చూస్తే అవతల నా వేళ్లు కనవడ్డయ్, కిటికీ గాజుల చూసినట్టు.

పట్నం తీస్కపోయిన. దుకాణపాయన తలకాయ పట్టుకున్నడు. "ఎంత పెద్ద సార్లయినా దీన్ని ముట్టరు, కొత్తోళ్లను చేతులు యెనకకు కట్టుకొమ్మనే చెప్తం" అన్నడు. అప్పుడర్థమైంది నాకు. ఆ మాట నాకు కాదు, అద్దానికి. నేను నా మీదికే గుంజుకున్న. గా ఫారంహౌజు సారు ఎందుకో ఒక్క ముక్క చెప్పినా అయిపోతుండె, నేను నోరు తెరిచి అడిగినా అయిపోతుండె. మనకు అడిగేది చాతకాదు బిడ్డా, అలిగేదే వస్తది.

మల్ల పూత పెట్టనీకె యాడికో పంపాలన్నడు. పంపిండు. వారం అన్నడు, నెల అన్నడు. కార్తీకం వచ్చింది, పోయింది. పిల్లలకోడి నెత్తి మీదికొచ్చింది, నా కాడ అద్దం లేదు. నేను పరేషాన్ల పడ్డ. పొద్దుగాల రైలెక్కుడు, పట్నంల గా దుకాణం ముందట కూసునుడు, మాపటికి ఒట్టి చేతులతోని వచ్చుడు. ఎప్పుడు చూసినా అద్దం ఫికరే. కండ్లల్ల పోసే మందు...

ఆ. తప్పింది. ఎన్ని పూటలో నేనెంచలే. అద్దం ఎప్పుడొస్తదని అడిగిన మనిషిని, మందు పోస్తినా లేదా అని అడగలే నేను. ఆమె గూడ యాది చేయలే. "నువ్వే పరేషాన్ల ఉన్నవు, మల్ల నేనేం అడుగుదునయ్యా" అన్నది తర్వాత. ఎవరి కోసమైతే ఆ అద్దం ఎంబడి తిరిగిననో వాళ్ల కండ్లే మర్చిపోయిన. గిసొంటి తెలివిమంతుణ్ణి యాడన్న చూసినవా?

శివరాత్రి దాటినంక అద్దమొచ్చింది. అప్పటికి పిల్లలకోడి పడమటికి దిగవట్టె, చీకటి పడంగనే చూడాలె, లేకుంటే మునుగుతది. వచ్చిన దినమే బిగిచ్చిన. చేతులు యెనకకు కట్టుకొనే నిలవడ్డ నేను గూడ. ముందుగాల నేను చూసిన. ఏం చెప్పాలె బిడ్డా. అది ఆరు కాదు, ఏడు కాదు. గొట్టంలకెల్లి చూస్తే నిండ చుక్కలే, జల్లెడలకెల్లి పిండి రాలినట్టు. ముప్పై దాంక ఎంచి ఇడిచిపెట్టిన. గిన్ని పిల్లలున్నయా దీనికి అని నేనే బీరిపోయిన. చెప్పొద్దు, ఆమెనే చూసి బీరిపోవాలని, పోయి చెయ్యి పట్టుకొని తీస్కొచ్చిన, స్టూలు మీద కూసోవెట్టిన, కన్ను సరింగ కంత కాడ పెట్టిచ్చిన.

కొంగు సదురుకున్నది. కొద్దిసేపటికి నిమ్మలంగ మొదలువెట్టింది. ఒందు. ఎరడు. మూరు. నాల్కు... ఒక్కొక్కటి ఆగి ఆగి, నిజంగ ఎంచుతున్నట్టే. ఏళు అన్నంక తల ఎత్తింది. "ఏడే ఉన్నయయ్యా. ఒక్కటి గూడ పోలే" అన్నది, నవ్వుకుంట.

నేను మల్ల వంగి చూసిన, ఒకవేళ గొట్టం పక్కకు జరిగిందేమో అని. జరగలే. గా పిండి గట్లనే ఉన్నది, నిండ.

ఇగ నేనేమంటి? "ఔ బాలమ్మా, ఏడే" అన్న. మొదటిసారి నాకు గూడ ఏడోది కనవడ్డదన్న. ఆమె నా చెయ్యి పట్టుకొని లేచింది. తెల్లారి పొద్దుగాల మందు పోసిన, మాపటేల గూడ పోసిన. గిప్పటికీ తప్పలే. డాక్టరమ్మ చూసి, కాపాడనీకె ఇగ చూపేం మిగల్లే, మందు అవసరం లేదన్నది, అయినా పోస్తున్న.

నా దుర్బిన్ నీకియ్యనా అంటే, ఇయ్య. దాని మీద సంచి ఉన్నదో లేదో ఆమె దినాం తడిమి చూసుకుంటది. నువ్వు కొత్తది కొనుక్కో, చెప్పినయి యాది పెట్టుకో. తెల్వనిది అడుగు, సిగ్గుపడకు. కార్తీకంల చూస్తవు గదా, చూసినంక ఇంటికొస్తే చిన్నవ్వ నిన్ను అడగకుండ ఉండదు, ఎన్ని కనవడ్డయే అని. ఏడే అని చెప్పు బిడ్డా. నీ కండ్లు సల్లగుండ, ఏడే అను.