రెండు చేతులు తొలిచిన పూస

పెద్దలకు, మిత్రులకు, మేడమ్ గారి చెల్లెలికి, మాతోపాటు ఎండలో మట్టి మోసినవాళ్ళందరికీ నమస్కారం. హాలు చాలక గుమ్మం దాకా నిలబడ్డారు. ఆవిడ పోయి వారం. నేను ఏడుస్తూ మాట్లాడతాననుకున్నారేమో. నావల్ల కావడం లేదు. ఆవిడ్ని తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఉత్సాహమే ముంచుకొస్తుంది. ఏమీ అనుకోకండి.

పాత గుహలు తవ్వి పాతకాలపు మనుషుల్ని చదివిన మేడమ్‌కి జీవితమంతా ఒకటే ప్రశ్న. సేద్యం తెలియని రోజుల్లో, వేటాడి, దుంపలు తవ్వుకుని బతికిన మనుషులకు పూసలెందుకు? రాతి పనిముట్టుకు అంత నగిషీ ఎందుకు? ఒకచోట అంత పనితనం ఉండి, ఇంకోచోట ఏమీ లేదెందుకు? జనం పెరిగితే పనితనం పెరుగుతుందన్నది ఆవిడ జవాబు. దాని మీదే పుస్తకం రాశారు. ఇరవయ్యేళ్ళు అదే పాఠం చెప్పారు. నేనూ అదే రాసి పాసయ్యాను.

తర్వాత ఆవిడ తవ్విన గుహలోనే నాకు చిక్కొచ్చి పడింది. పూసలు ఎక్కువగా దొరికిన మట్టిపొరలో పొయ్యిల గుర్తులు చాలా తక్కువ. అంటే జనం తక్కువ. మరి పూసలెలా వచ్చాయి?

వెళ్ళి మేడమ్‌కి చెప్పాను. "మళ్ళీ లెక్కపెట్టు" అన్నారు. మూడుసార్లు పెట్టాను. నాలుగు రోజులు నా లెక్కల కాగితాలు తన దగ్గరే పెట్టుకున్నారు. అయిదో రోజు ఫ్లాస్కుతో టీ పట్టుకుని నా గదికొచ్చారు. "నువ్వే కరెక్టు. నా పుస్తకం తప్పు. అసలు పని ఇప్పుడు మొదలైంది, జరుగు" అని నా పక్కన కూర్చున్నారు.

ఎంతమంది అలా తప్పు ఒప్పుకోగలరు, చెప్పండి?

ఆ పూసలు సముద్రపు గవ్వతో చేసినవి. గుహకు సముద్రం ఇరవై రోజుల నడక. జనం తక్కువే, కానీ వచ్చిపోయేవాళ్ళున్నారు. మనుషులు ఎంతమంది అన్నది కాదు, ఎవరెవర్ని కలిశారన్నది అసలు సంగతేమో అన్నారు మేడమ్. పెద్ద సదస్సులో తన పుస్తకం పైకెత్తి, "మూడో అధ్యాయం దాకా చదవండి, మిగతాది కొట్టేయండి" అన్నారు. ఇరవయ్యేళ్ళు వృథా అయ్యాయి కదా అని ఒకాయన అడిగారు. "నేను తప్పు చెప్పబట్టే కదా ఈ పిల్ల సరిగ్గా అడిగింది" అన్నారు. నేను వెనక వరసలో తల దించుకుని కూర్చున్నాను, కళ్ళు తుడుచుకుంటూ.

పోయిన నెల మేడమ్ ఉన్న ఆసుపత్రికి పూసల ల్యాబ్ రిపోర్టు తీసుకెళ్ళాను. ఒక పూసకు బెజ్జం రెండువైపుల నుంచి తొలిచారు. ఒకవైపు వెడల్పుగా, అది సముద్రం ఒడ్డువాళ్ళ పద్ధతి. రెండోవైపు సన్నగా, అది మన గుహవాళ్ళ పద్ధతి. మేడమ్ ఆక్సిజన్ మాస్కు లాగేశారు. నర్సు కేకలేసింది. ఈవిడ వింటేనా? "ఒకళ్ళు మొదలుపెట్టి ఇంకొకళ్ళ చేతికిచ్చారే. భాష రాకపోయినా పక్కపక్కన కూర్చునే ఉంటారు" అన్నారు. ఊపిరి అందడం లేదు, మొహం మాత్రం వెలిగిపోతోంది. వెంటనే నా చెయ్యి పట్టుకుని, "ఒక్క పూసతో తేలదు. గుహలో తూర్పు మూల తవ్వండి" అన్నారు. నాతో అన్న ఆఖరి మాట అదే.

ఆ తవ్వకానికి అనుమతి నిన్న వచ్చింది. రేపు ఉదయం ఏడింటికి తూర్పు మూలలో మొదటి గంప మట్టి తీస్తున్నాం.

ఇప్పుడు అందరూ లేవండి. పక్కనున్నవాళ్ళు ముక్కూ మొహం తెలియనివాళ్ళైనా సరే, కాస్త దగ్గరగా జరిగి నిలబడండి. రెండు నిమిషాలు మాట్లాడకుండా ఆవిడ్ని తలుచుకుందాం.