లెయిదాని దింపిన పడవ

లెయిదాని పూడ్చివచ్చాక ఏటి ఒడ్డున ఆవిడ ఇంటి వసారాలోనే భోజనాలు. మా ఎస్తోనియాలో పోయినవాళ్ళ గురించి బల్ల దగ్గర తలా ఓ మాట చెప్పాలి. మా ఆయన హెల్దుర్ లేచేసరికి నాకు తల కొట్టేసినట్లయింది.

"నాదేముంది లెండి," అని మొదలెట్టాడు. "అప్పటికి నాకింకా పెళ్ళి కాలేదు. ఆ ఏడు మంచు కరిగి, ఊరంతా నీళ్ళు. లెయిదా ఇంటికప్పెక్కి కూచుంది. మా నాన్న తొలిచిన దుంగపడవేసుకెళ్ళి దింపా. అంతే. ఆ తర్వాత ఏమైందో తెలుసా? 'నా ఆవో?' అంది. ఆడకూతురు ఏడుస్తుంటే చూస్తూ ఊరుకుంటామా? ఆవునీ ఎక్కించా."

"దుంగపడవలో ఆవా!" అన్నాడు పక్కింటి ఎల్మార్. "ఇద్దరెక్కితేనే ఒరిగిపోతుందే!"

"రెండోపక్క బీరు పీపా పెట్టాగా! వినవయ్యా. వస్తుంటే చర్చి కొట్టుకుపోతోంది. చర్చంటే చర్చే! లోపల పాటలవాళ్ళు పాడుతూనే ఉన్నారు, పాస్టరుగారు గంటతాడు నాకేసి విసిరారు, నేను దాన్ని పళ్ళతో పట్టుకుని, రెండు చేతులా తెడ్డేస్తూ, ఏటికి ఎదురు లాక్కొచ్చి మళ్ళీ పాతచోటే నిలబెట్టా. కాస్త ఉత్తరానికి ఒరిగుంటుంది, చూళ్ళేదూ?"

ఎవరో కిసుక్కున నవ్వారు. నేను కోటు పట్టి లాగాను. "చాలు, కూర్చోండి. చావింట్లో ఉన్నాం."

"ఉండవే, అసలు కథ ఇప్పుడేగా!"

లెయిదా కూతురు మైము బంగాళాదుంపల గిన్నె కింద పెట్టింది.

"హెల్దుర్ బాబాయ్, కప్పెక్కింది మీరు. పడవేసుకొచ్చింది మా అమ్మ. మీరు పొగగొట్టాన్ని కావిలించుకుని వదల్లేదట. వేళ్ళు ఒక్కొక్కటే విడదీసి దింపిందట. ఉన్నన్నాళ్ళూ మమ్మల్ని నోరెత్తనివ్వలేదు. 'చెప్పుకోనీండర్రా, పాపం, సిగ్గుతో చచ్చిపోతాడు' అనేది. కానీ ఇవాళ అమ్మ గురించి చెప్పే రోజు కదా, బాబాయ్."

ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండును. మా ఆయన చెవులదాకా ఎర్రబడ్డాడు.

"మీ అమ్మ తెడ్డు బాగా వేసేది," అన్నాడు. ఆయన నోట అంత చిన్నమాట నేనెన్నడూ వినలేదు.

కూర్చున్నాక నావైపు చూశాడు. నేను తలెత్తలేకపోయాను. ఆవునీ చర్చినీ నేనేనాడూ నమ్మలేదు. లెయిదాని దింపాడన్న ఒక్కమాటే నమ్మాను. అది నమ్మే ఈయన్ని చేసుకున్నాను.